ఎడమ రేకులో చప్పుడు

కర్టిస్ టెర్‌హార్‌కి అన్యాయం జరిగింది. 1972 ఆగస్టులో, ఏడేళ్ళ వయసులో, కన్నతండ్రి చేతుల్లో. ఊళ్ళో అందరూ ప్రమాదం అన్నారు. చర్చిలో పాస్టరు దేవుడి చిత్తం అన్నాడు. దేవుడు ఎదురు చెప్పడు కనక ఎవరేం తోసినా ఆయన మీద నిలుస్తుంది.

జరిగింది ఇది. వాడి నాన్న విల్లార్డ్‌కి ఒక స్టేషన్ వ్యాగన్ ఉండేది. ఆకుపచ్చది, పడవంత పొడుగుది, పక్కలకి చెక్క చారల వినైల్, అంటే ప్లాస్టిక్ షీటు, అంటించినది. ఆ రోజుల్లో మా మిషిగన్‌లో పిల్లలున్న ఇల్లంటూ ఉంటే వాకిట్లో అలాంటి బండి ఉండాల్సిందే. చిట్టచివర వెనక్కి తిరిగి ఉండే సీటు పిల్లలది. అయితే వెనక అద్దం దించి తోలితే మాత్రం పొగగొట్టంలోంచి వచ్చే విషవాయువు చుట్టు తిరిగి బండిలోకే వస్తుంది. ఈ ముక్క బండితో ఇచ్చే పుస్తకంలోనే అచ్చేసి ఉంటుంది, చదివేవాళ్ళ కోసం. విల్లార్డ్ చదివే రకం కాదు. గాలపు కర్రలు పట్టడం లేదని అద్దం పూర్తిగా దించి, పెళ్ళాం పిల్లల్ని ఉత్తరాన సరస్సు దాకా తోలుకెళ్ళాడు.

దారిలో వెనకనుంచి రేకు మీద చప్పుడు. "ఊరుకోరా!" అని అరిచాడు. మళ్ళీ చప్పుడు. "ఈసారి బండాపి బెల్టు తీస్తా" అన్నాడు. కాసేపటికి చప్పుడు ఆగింది. సరస్సు దగ్గర వెనక తలుపు తీస్తే కుర్రాడి బుగ్గలు గులాబీల్లా ఎర్రగా ఉన్నాయట. నిద్రపోతున్నాడనుకున్నారు.

ఆ బండి నిరుడు ఫిబ్రవరిలో మా షెడ్డుకి వచ్చింది.

నా పేరు హెన్రియెట్టా. హెన్నీ అంటారు. నా నోటి దురుసు తెలిసినవాళ్ళు చాటున ఇంకేదో కూడా అంటారు. బడి మధ్యలో మానేశాను గానీ ఊరి లైబ్రరీ మానలేదు. నేనూ మా ఆయన గోర్డూ పాత బండ్లకి సీట్లు కుడతాం, లోపలి గుడ్డలు మారుస్తాం, ఇలాంటి చెక్క రంగు వినైల్ పీకి కొత్తది వేస్తాం. గోర్డ్ ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళు చేసి ఒక చెవి పూర్తిగా, ఒక చెవి సగం పోగొట్టుకున్నాడు. మోకాలు కూడా వాళ్ళకే ఇచ్చి వచ్చాడు.

బండిని ట్రైలర్ మీద తెచ్చింది కర్టిస్ అక్క కొరీన్. బళ్ళో నాకంటే రెండు క్లాసులు చిన్నది.

"దీన్ని కాల్చెయ్యక సింగారిస్తావేమే?" అన్నాను.

"నాన్న పోయాక కొట్టం తాళం నా చేతికొచ్చింది" అంది. "ఆయన ప్రతి శనివారం దీన్ని కడిగేవాడు, తెలుసా? ఒక్కసారి కూడా తోలలేదు. కడగడమే. నేను తోలతాను, హెన్నీ. జూలై నాలుగు, స్వాతంత్ర్య దినం ఊరేగింపులో, ఆ రోజు ఎలా ఉందో అచ్చం అలాగే. ప్రమాదం ప్రమాదం అన్న మొహాలన్నీ చూడాలి."

"భయం వెయ్యదూ?"

"అప్పటికి నాకు పదేళ్ళు. మధ్య సీట్లో కూర్చున్నాను. పడాల్సిన భయమంతా అప్పుడే అయిపోయింది."

ఆ మాటకి నేను బండి తీసుకున్నాను. ఆడది కోపంతో చేసే పనికి నేనెప్పుడూ అడ్డు చెప్పను.

పాత వినైల్ పీకడం ఓపిక పని. ముందు దాని చుట్టూ ఉన్న లేత రంగు పట్టీలు విప్పాలి. వాటి నట్లు లోపలివైపు ఉంటాయి. తర్వాత హీట్ గన్‌తో వేడి గాలి కొడుతూ అంచు లేపి, తొందరపడకుండా వాలుగా లాగాలి. యాభై ఏళ్ళ పాత వినైల్ ఎండకి కమిలిన వీపు తోలులా పెళుసు పెళుసుగా ఊడుతుంది. కాలిన ప్లాస్టిక్, పాత జిగురు కలిసి ఒక తీపి వాసన వేస్తుంది. జిగురంతా గీకి కడిగాక, వేలు పెట్టి రేకంతా తడమాలి. ఇసుక రేణువు ఉన్నా కొత్త వినైల్ మీద కురుపులా లేస్తుంది. రంగు లోపాన్ని కప్పుతుందేమో. వినైల్ కప్పదు, ఎత్తి చూపిస్తుంది.

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. గోర్డ్ లోపల పడుకుని రేకు వెనక చెయ్యి దూర్చి నట్లు చూస్తాడు, నేను బయట ఉంటాను. వాడికి వినపడదు, నాకు అరిచే ఓపిక లేదు. అందుకని తట్టుకుంటాం. ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే కానివ్వు. మూడు కొడితే నన్ను బయటికి లాగు. ఆ మోకాలితో వాడు తనంతట తాను లేవలేడు. చప్పుడు చెవికి అందకపోయినా రేకు అదురు అరచేతికి తెలుస్తుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో మేం ఇంత చక్కగా మాట్లాడుకున్నది ఆ రేకుల మీదే.

మొదటి రోజు మధ్యాహ్నం, ఎడమపక్క వెనక రేకు మీద ఆఖరి ముక్క వేడి చేస్తున్నాను. కర్టిస్ కూర్చున్న సీటు పక్క రేకు అది. లోపల్నుంచి రెండు దెబ్బలు. కానివ్వు. సరేనని నేనూ రెండు కొట్టి లాగడం మొదలుపెట్టాను. ముక్క ఊడి చేతికి వచ్చింది. అప్పుడు మూడు దెబ్బలు, మెత్తగా.

"అప్పుడే అలిసిపోయావా ముసలాడా" అంటూ చుట్టు తిరిగి వెనక తలుపు తీశాను.

లోపల ఎవరూ లేరు. సీటు గుంటలో గోర్డ్ టార్చిలైటు, అదీ ఆర్పేసి ఉంది.

షెడ్డు తలుపు కిర్రుమంది. మీసానికి బఠాణీ సూపు అంటించుకుని గోర్డ్ ఇంట్లోంచి వస్తున్నాడు.

"నీ సూపు చల్లారిపోతోందే. ఎంతసేపు పిలిచాను!"

"ఇప్పుడు లోపల తట్టింది ఎవరు?"

"ఏమో, మీ అమ్మేమో. బతికున్నప్పుడు నిన్ను పని చేసుకోనిచ్చిందా?" అని నవ్వి, నా మొహం చూసి ఆపాడు. "రేకు, హెన్నీ. వేడెక్కి చల్లారితే టప్పు టప్పుమంటుంది. నాకు చెప్పకు, పాతికేళ్ళు ఇనుముతోనే కాపురం."

ఆ మాట నిజమే. ఇనుము సంగతి నేనూ చదివాను. నిజమే కనక నమ్మాను. ఆ తర్వాత గోర్డ్ లేనప్పుడల్లా రేకు తడుతూనే ఉండేది. హీట్ గన్ ఆర్పేసి గంట అయ్యాక కూడా. రేకు మంచులా చల్లబడ్డాక కూడా. నేను తల ఎత్తకుండానే "ఊరుకో!" అనేదాన్ని, కుక్కని అదిలించినట్టు. అలా అరవడం అలవాటైపోయింది.

కొత్త వినైల్ వేసే రోజున మంచు తుఫాను. వినైల్‌కి వెచ్చదనం కావాలి, దుమ్ము పడకూడదు. బండి చుట్టూ పాలిథీన్ తెర కట్టి, తెర లోపల గ్యాసు పొయ్యి వెలిగించాం. దాని పొగగొట్టం పైకప్పులోంచి బయటికి. షెడ్డు తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాం. బయట గాలి ఊళ. లోపల దీపాల వెలుగులో తెల్లటి తెర ఊపిరి తీస్తున్నట్టు పొంగుతూ, పీల్చుకుంటూ ఉంది. సబ్బునీళ్ళ వాసన.

కుడిపక్క అయింది. ఎడమ తలుపులు అయ్యాయి. అయిదున్నర అయ్యేసరికి బయట చీకటి. వెనక రేకు ఒక్కటే మిగిలింది.

"కొరీన్‌కి ఫోన్ చేసి కొత్త పట్టీలు ఎప్పుడొస్తాయో కనుక్కుంటా" అని గోర్డ్ ఇంట్లోకి వెళ్ళాడు. నేను తెర దాటి, మూలనున్న కుళాయి దగ్గర సబ్బునీళ్ళు కలుపుకుని వచ్చాను. కుళాయి చప్పుడులో ఇంకేం వినపడలేదు.

షీటు వెనక కాగితం ఒలిచాను. రేకు మీద సబ్బునీళ్ళు చిమ్మి, చారలు తలుపు చారలతో కలిసేలా షీటు ఆనించి, రబ్బరు పలకతో మధ్యనుంచి అంచుకి నీళ్ళు తోయడం మొదలుపెట్టాను. నీరంతా పోవాలి. ఒక్క బుడగ మిగలకూడదు.

తల కొంచెం బరువుగా ఉంది. పొద్దుట్నుంచీ వంగే ఉన్నాను కదా అనుకున్నాను.

టక్. టక్. టక్.

చేతి కిందే. సరిగ్గా అరచేతి కిందే.

"ఊరుకో!" అన్నాను.

నిశ్శబ్దం. మళ్ళీ... టక్. టక్. టక్. ఈసారి మెల్లగా. అడగడానికి మొహమాటపడుతున్నట్టు.

"ఊరుకోమన్నానా!"

చప్పుడు ఆగింది.

ఆగగానే నా వెన్ను చల్లబడింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఆ మాట నా గొంతుతోనే అన్నాను గానీ, అది అంతకుముందు ఆ బండిలో ఒకసారి పలికిన మాట. దాని తర్వాత కూడా ఇలాంటి నిశ్శబ్దమే వచ్చి ఉంటుంది.

రబ్బరు పలక ఆపాను. నీళ్ళు పూర్తిగా పోయాయి. వినైల్ నున్నగా, అద్దంలా ఉంది. అయినా కింది అంచునుంచి ఒక చుక్క జారింది.

ఇంకో చుక్క.

నేను తొయ్యడం లేదు. ఎవరో లోపల్నుంచి తోస్తున్నారు.

చారల మధ్య చిన్న ఉబ్బు లేచింది. బుడగనుకుని బొటనవేలితో నొక్కాను. అణగలేదు. గట్టిగా ఉంది. పక్కనే ఇంకోటి లేచింది. ఇంకోటి. ఇంకోటి... నాలుగు పక్కపక్కన, ఒకటి ఎడంగా. వాటి కింద గుండ్రంగా, మెల్లగా, అరచెయ్యి.

చిన్నది. నా చెయ్యి పెడితే కనపడకుండా పోయేంత.

రేకు ఇనుపది. ఇనుములోంచి చెయ్యి రాదు. అంత తెలిసీ నేను ఆ చేతి వైపు వంగాను. తల తిరిగింది. కణతల్లో సుత్తి దెబ్బలు. కడుపులో వికారం. తల ఎత్తేసరికి తెర లోపలి పొయ్యి కనిపించింది. నీలంగా ఉండాల్సిన మంట పసుపుగా, బద్ధకంగా ఊగుతోంది.

మంట పసుపు రంగుకి తిరిగితే ఏమిటో నేను చదివాను. తలనొప్పి, వికారం, నిద్ర... ఆ విషవాయువుకి వాసన ఉండదు. రంగు ఉండదు.

తలుపు తీసుకుని బయటికి పోవాలి. అటు తిరిగాను. అప్పుడు చూశాను, సిమెంటు నేల మీద తడి అడుగులు. మంచు కరిగిన బూటు అడుగులు. షెడ్డు తలుపునుంచి తెర దాకా, తెర లోపలినుంచి బండి వెనక తలుపు దాకా. ఒక కాలు ఈడ్చిన అడుగులు.

వెళ్ళినవి ఉన్నాయి. తిరిగొచ్చినవి లేవు.

"గోర్డ్..."

పరిగెత్తలేదు, బండి పట్టుకుని జరిగాను. వెనక తలుపు పిడి పట్టుకోబోయాను. నేను తాకక ముందే తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి ఎవరో నెట్టినట్టు.

సీటు గుంటలో గోర్డ్ ముడుచుకుని పడుకుని ఉన్నాడు. పట్టీల చిల్లులు ఎక్కడున్నాయో లోపల్నుంచి వినైల్‌కి గుచ్చి చూపించడానికి తెచ్చుకున్న సూది ఒక చేతిలో ఉంది. బుగ్గలు ఎర్రగా, గులాబీల్లా.

వాడిది తొంభై కిలోల శరీరం. ఎలా లాగానో నన్నడక్కండి. చంకల కింద చేతులు వేసి, తిట్టుకుంటూ లాగాను. వాణ్ణి, పొయ్యిని, విల్లార్డ్‌ని, దేవుణ్ణి తిట్టాను. తెర చిరిగింది. తలుపు సందుల్లో గుడ్డలు కాలితో తన్నాను. మంచులోకి ఇద్దరం బోర్లా పడ్డాం. నా గుప్పిట్లో మంచు తీసుకుని వాడి మొహానికి రాశాను. "చావకు, వెధవా. చావకు. నీ సూపు నేనొక్కదాన్నే తాగలేను."

వాడు దగ్గాడు.

అంబులెన్సు వాళ్ళు ఆక్సిజన్ పెట్టారు. అగ్నిమాపకం వాళ్ళు పైకెక్కి చూస్తే పొగగొట్టం నోట్లో మంచు గడ్డకట్టి మూసుకుపోయిందట. దానికి కారణం ఉంది. ఆ ఒక్కదానికే.

మర్నాడు ఆస్పత్రిలో వాడి పక్కన కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి నాకు మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

"నువ్వు తట్టావు. విన్నాను. ఆ రేకు గోలే అనుకుని..."

"నేను తట్టలేదే" అన్నాడు.

"మూడు. రెండుసార్లు."

తల అడ్డంగా ఊపాడు. "పడుకోగానే కళ్ళు మూతలు పడ్డాయి. తేడాగా ఉందని తెలిసింది. తడదామని చెయ్యి ఎత్తాను. పట్టుకున్నాడు."

"ఎవరు?"

"చిన్నవాడు. చల్లటి వేళ్ళు." గోర్డ్ గొంతు తగ్గించాడు, ఆ గదిలో మేమిద్దరమే ఉన్నా. "చప్పుడు చెయ్యకు, అన్నాడు. నువ్వే చేశావనుకుంటారు, అన్నాడు."

"నీకు ఎలా వినపడిందయ్యా?"

"అదే నాకూ అర్థం కాలేదు" అన్నాడు. "పోయిన చెవిలో చెప్పాడు."

డాక్టరుకి ఈ ముక్క చెబితే ఓపిగ్గా నవ్వింది. ఆ వాయువు ఒంట్లోకి పోతే లేనివి కనబడతాయి, వినబడతాయి, మామూలేనంది. సరే తల్లీ, వాయువు నా తలకెక్కింది, మా ఆయన తలకెక్కింది. వినైల్‌కి తల ఎక్కడుంది? షెడ్డుకి తిరిగొచ్చి చూస్తే ఆ అరచెయ్యి అలాగే ఉంది. హీట్ గన్ పెట్టి నొక్కినా అణగలేదు.

కొరీన్‌కి కబురు చేశాను. వచ్చి చూసింది. ఏడవలేదు. తన చెయ్యి పక్కనే ఆనించి, కొలత చూసుకుంది.

"పీకెయ్యి" అంది.

"ఊరేగింపు?"

"పీకెయ్యవే."

వేడి చేసి లాగాను. కొత్త జిగురు గట్టిది. వినైల్‌తో పాటు రేకు మీది ఆకుపచ్చ రంగు కూడా పెచ్చుగా ఊడి వచ్చింది. కంపెనీ వేసిన రంగు అలా ఊడదు. తర్వాతెప్పుడో ఎవరో చవగ్గా వేసిన రంగు అలా ఊడుతుంది. దాని కింద రేకు ఆకుపచ్చ కాదు. లేత పసుపు. చెయ్యి లేచిన చోట రేకు మాత్రం నున్నగా ఉంది, ఒక్క గీత లేదు.

"ఇది మీ బండి రేకు కాదు" అన్నాను.

కొరీన్ ఆ పసుపు రంగు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత గుసగుసగా అంది: "ఆ ఏడు వసంతంలో పాల లారీ ఒకటి మమ్మల్ని ఎడమపక్క గుద్దింది. నాన్న తుక్కు బండ్ల యార్డునుంచి ఒక పక్క రేకంతా కొనుక్కొచ్చి వేయించాడు. అది వేసినప్పట్నుంచే..."

"వేసినప్పట్నుంచే?"

"వెనక చప్పుడు. ఎక్కడికెళ్ళినా. నాన్న కర్టిస్‌ని కొట్టేవాడు. వాడు ఒట్టు పెట్టుకునేవాడు, నేను కాదు నాన్నా అని. నేను కూడా నమ్మలేదు, హెన్నీ. ఆ రోజు సరస్సుకి వెళ్తున్నప్పుడు వాడన్న ఆఖరి మాట కూడా అదే. నేను కాదు నాన్నా... అని. ఆ తర్వాత వాడి మాట లేదు. చప్పుడు మాత్రం ఇంకా చాలాసేపు వచ్చింది."

మేమిద్దరం రేకుకి దూరంగా జరిగాం. ఎవరు ముందు జరిగారో చెప్పలేను.

గోర్డ్ ఇంటికొచ్చాడు. బాగానే ఉన్నాడు. చప్పుడు చెయ్యడు, అంతే. కప్పు బల్ల మీద పెడితే శబ్దం రాదు. తలుపు మూస్తే తెలియదు. రాత్రి ఇటు తిరిగి చూస్తే నా పక్కన కళ్ళు తెరుచుకుని, ఊపిరి కూడా దొంగతనంగా తీస్తుంటాడు. "ఏమయ్యా?" అంటే వేలు పెదాల మీద పెడతాడు.

బండి మా షెడ్డులోనే ఉంది. కొరీన్ తీసుకెళ్ళనంది, నేను ఉంచుకోనన్నాను, మాట మీద నిలబడనిది నేనే. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, తలుపులన్నీ బార్లా తీసి, లోపలి అట్ట విప్పి, చిన్న అద్దమూ టార్చీ రేకు వెనక్కి దూర్చాను. చదివే అలవాటు మంచిది కాదని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే. తుక్కు యార్డువాళ్ళు అమ్మకానికి పెట్టే ముందు రేకుల మీద మైనపు పెన్సిలుతో రాసుకుంటారు కదా, అలాంటి రాత ఒకటి ఉంది. తుడుచుకుపోకుండా, నిన్న రాసినట్టు.

పసుపు బండి. ఎడమ పక్క బాగుంది. వెనక తలుపు పనికిరాదు, పిల్లాడి కోసం గొడ్డలితో తెరిచారు. 1971 అక్టోబరు 9.